టెక్సాస్‌లో ఇల్లు కొంటున్నారా? పాత ఓనర్ వేసిన టాక్స్ ప్రొటెస్ట్‌ని నమ్ముకోకండి

ఏడాది మధ్యలో క్లోజింగ్ (డబ్బు కట్టి ఇల్లు మన పేరుకి మారడం) అయినవాళ్ళూ, అవబోతున్నవాళ్ళూ ఇది కాస్త ఓపిగ్గా చదవండి. నాకు పోయింది పదకొండు వందల డాలర్ల చిల్లర, దాంతో కొంపేమీ మునగలేదు, కానీ పోయిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా ఇంటి విలువ మీద నేను కోర్టుకి వెళ్తానంటే, అసలు అడగడానికి నువ్వెవరు అనే ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

డాలస్‌కి ఉత్తరాన, అద్దెకిద్దామని ఒక రీసేల్ ఇల్లు తీసుకున్నాం. 5 లక్షల 15 వేల డాలర్లు, ఏప్రిల్ 26న క్లోజింగ్. అప్పటికే, పన్ను కోసం ఇంటికి కట్టిన విలువ చెప్పే కౌంటీ వాల్యూ నోటీసు పాతాయనకి వచ్చేసింది, అందులో 5 లక్షల 74 వేలు వేశారు. ఆయనా మనవాడే. ఆఖరిసారి ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు ఆయనే అన్నాడు, "మా కన్సల్టెంట్ ప్రొటెస్ట్ వేసేశాడు తమ్ముడూ, నువ్వేం టెన్షన్ పెట్టుకోకు" అని. ప్రొటెస్ట్ అంటే ఆ విలువ ఎక్కువైందని పెట్టే అభ్యంతరం, కన్సల్టెంట్ అంటే ఓనర్ తరఫున ఆ పని చూసిపెట్టే ఏజెంట్. మా రియల్టర్ కూడా తలూపాడు. నాకూ హాయిగా అనిపించింది, ఒక పని తప్పింది కదా అని.

ఇక్కడి లెక్క తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. టెక్సాస్‌లో జనవరి 1న ఇల్లు ఎంత చేస్తుందన్నదే ఆ ఏడాది పన్నుకి ఆధారం. రికార్డులో ఆ రోజు ఎవరి పేరుంటే నోటీసులు వాళ్ళకే వెళ్తాయి. మన దగ్గర రిజిస్ట్రేషన్ అయ్యాక మున్సిపాలిటీలో పేరు మార్పిడి చేయించుకోకపోతే పన్ను కాగితాలు పాతాయన పేరునే వస్తూంటాయి చూడండి, అలాంటిదే. వాల్యూ నచ్చకపోతే మే 15లోగా, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోగా, ఏది తర్వాతైతే అప్పటిలోగా ప్రొటెస్ట్ వేయాలి. ఇలాంటి అభ్యంతరాలు వినే అప్రైజల్ రివ్యూ బోర్డు దాన్ని విని ఆర్డర్ ఇస్తుంది. అదీ నచ్చకపోతే ఆర్డర్ అందిన 60 రోజుల్లో డిస్ట్రిక్ట్ కోర్టులో కేసు వేయాలి, ఒక్క రోజు దాటినా అంతే సంగతులు.

నాకు తెలియనిది ఏంటంటే, జనవరి 1 తర్వాత కొన్నవాడు ప్రొటెస్ట్ గడువు ముగియకముందే ఓనర్ అయితే, పాత ఓనర్‌తో సమానంగా తనే సొంతంగా ప్రొటెస్ట్ వేసుకోవచ్చు. ఒకవేళ పాతాయన వేసిన ప్రొటెస్ట్ నడుస్తుండగా ఇల్లు చేతులు మారితే, కొత్త ఓనర్ బోర్డుకి దరఖాస్తు పెట్టుకుని ఆ ప్రొటెస్ట్‌ని తన పేరున నడిపించుకోవచ్చు. గమనించండి, "దరఖాస్తు పెట్టుకుని". దానంతటదే మన పేరు మీదకి రాదు. నాకు ఏప్రిల్ 26 నుంచి మే 15 దాకా దాదాపు మూడు వారాలు ఉంది. ఆ మూడు వారాలూ కార్పెట్లు మార్పించడంలో, అద్దెకి మనుషుల్ని వెతకడంలో గడిచిపోయాయి.

జూలైలో హియరింగ్ అయింది. ఆ కన్సల్టెంట్ ఏం చూపించాడో తెలీదు, మా క్లోజింగ్ కాగితాలు మాత్రం చూపించలేదు, నన్ను అడగనే లేదు. టెక్సాస్‌లో అమ్మకం ధర కౌంటీకి చెప్పాలనే రూలు లేదు, కాబట్టి వాళ్ళ దగ్గర ఆ అంకె ఉందని కూడా అనుకోలేం. 5 లక్షల 15 వేలకి కొన్నట్టు కాగితం నా సొరుగులో ఉండగా, బోర్డు 6 వేలు తగ్గించి 5 లక్షల 68 వేలకి ఖాయం చేసింది. ఆర్డర్ కన్సల్టెంట్‌కి వెళ్ళింది, ఆయన పాతాయనకి పంపాడు, పాతాయన దాన్ని చదివాడో లేదో దేవుడికే తెలియాలి. నేను అక్టోబర్ ఆఖర్లో టాక్స్ బిల్లు చూశాకే కళ్ళు తెరిచాను.

లాయర్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ మొదటి ప్రశ్నే, "ప్రొటెస్ట్‌లో నీ పేరుందా?" లేదు. చట్టం ప్రకారం కోర్టుకి వెళ్ళే హక్కు ప్రొటెస్ట్ వేసి ఆర్డర్ తెచ్చుకున్న ఓనర్‌ది. నేను ఓనర్నే, కానీ ప్రొటెస్ట్ నాది కాదు. పాతాయనది ప్రొటెస్ట్, కానీ ఇప్పుడాయన ఓనర్ కాదు, పన్ను కట్టేదీ ఆయన కాదు. ఇద్దరిలో ఎవరూ సరిగ్గా సరిపోరు. 2009, 2010 ప్రాంతాల్లో హ్యూస్టన్‌లో ఇలాగే ఇల్లో బిల్డింగో అమ్మేసినవాళ్ళ పేరున నడిచిన కేసుల్ని అప్పీల్ కోర్టులు విచారణే లేకుండా కొట్టేశాయట. తర్వాత చట్టం మార్చి కొంత ఊరట ఇచ్చారు: ఆస్తి ఏదో పిటిషన్‌లో స్పష్టంగా ఉండి, గడువులోపు వేసి ఉంటే, పేరు తప్పు పడినా తర్వాత సవరించుకోవచ్చు, ఆ ఒక్క కారణంతో కేసు కొట్టేయకూడదు. మరి నేనో? ఆర్డర్ వచ్చి 90 రోజులు దాటిపోయింది. సవరించడానికి అసలు పిటిషన్ ఉంటే కదా.

ఇంకో చిన్న కిటికీ ఉందంది. వాల్యూ మరీ ఘోరంగా తప్పైతే, పన్ను బాకీ పడే ఫిబ్రవరి 1కి ముందు విడిగా సవరణ కోరవచ్చు, కానీ అద్దె ఇంటికి ఆ తేడా మూడో వంతు కంటే ఎక్కువుండాలి, సొంతంగా ఉండే ఇంటికైతే నాలుగో వంతు. నాది పది శాతం. నోటీసు నాకు రాలేదు కదా అని వాదిద్దామన్నా, పంపాల్సిన మనిషికే పంపారు. కిటికీ మూసేశాం.

ఇదే టైములో నా ఫ్రెండ్‌కి వేరే తలనొప్పి. ఇల్లు తన ఎల్ఎల్‌సీ (చిన్న కంపెనీ) పేరున రిజిస్టర్ చేయించి, కోర్టు పిటిషన్ మాత్రం తన పేరున తనే వేసుకున్నాడు, లాయర్ ఖర్చు మిగుల్తుందని. అవతలి లాయర్ వెంటనే పట్టుకున్నాడు. 60 రోజుల్లోపే వేశాడు కాబట్టి పేరు మార్చి బయటపడ్డాడు గానీ, ఎల్ఎల్‌సీ తరఫున కోర్టులో లాయరే నిలబడాలి, మనం సొంతంగా వాదించుకోవడం కుదరదు. మిగిలిందనుకున్న ఖర్చు రెట్టింపైంది.

కాబట్టి ఈ స్ప్రింగ్‌లో కొన్నవాళ్ళు, ఎవరేం చెప్పినా సరే, మీ పేరున మీరే ప్రొటెస్ట్ వేసేయండి, ఫీజు ఏమీ లేదు. పాతాయనది ఇప్పటికే ఉంటే దాన్ని మీ పేరుకి మార్చమని బోర్డుకి రాతపూర్వకంగా పెట్టండి. పాతాయన కన్సల్టెంట్ మీ కన్సల్టెంట్ కాదు, మీరు వేరే ఏజెంట్ ఫారం ఇస్తేనే అతను మీ మనిషి. అతను మీ తరఫున అప్రైజర్‌తో (విలువ కట్టే కౌంటీ అధికారితో) ముందే రాజీకి వస్తే ఆ ఏడాదికి అదే ఫైనల్, తర్వాత బోర్డూ లేదు, కోర్టూ లేదు, అందుకని ఏ అంకెకి ఒప్పుకోవచ్చో ముందే మెయిల్‌లో చెప్పి పెట్టండి. కోర్టు అంటే భయమైతే 60 రోజుల్లోపే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) కోరే దారి కూడా ఉంది, సొంతంగా ఉండే 5 లక్షల లోపు ఇంటికి డిపాజిట్ 450 డాలర్లు. కోర్టుకే వెళ్తే, వివాదం లేని పన్నైనా ఫిబ్రవరి 1కి ముందు కట్టేయాలి, లేకపోతే కేసు నడిపే హక్కే పోతుంది.

లీజు మీద షాపులు నడిపేవాళ్ళకి కూడా ఒక మాట. ఆస్తి పన్ను మీరే భరించాలని లీజులో రాసి ఉండి, ఓనర్ ప్రొటెస్ట్ వేయకపోతే, మీరు వేయడానికి దారి ఉంది. లీజు కాగితం తీసి ఒక లాయర్‌కి చూపించండి, నా మాట మీద వెళ్ళిపోకండి.

అన్నట్టు, నవంబర్‌లో పాతాయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. తగ్గించిన ఆ 6 వేలకి 126 డాలర్ల పన్ను మిగిలిందట, అందులో కన్సల్టెంట్ వాటా 38 డాలర్ల బిల్లు. "లాభం నీకే కదా తమ్ముడూ, నువ్వే కట్టెయ్" అని నాకు ఫార్వర్డ్ చేశాడు.