పాత గిడ్డంగా, కొత్త అద్దాల మేడా?

ఇంగ్లండ్‌లో ఆఫీసు వెతికేవాళ్లకు ఈ తర్జనభర్జన మామూలే. విక్టోరియా కాలపు గిడ్డంగిని మార్చిన ఆఫీసా, కొత్త అద్దాల భవనమా?

కట్టడం: లివర్‌పూల్ రేవులోని పాత గిడ్డంగుల సముదాయం ఆల్బర్ట్ డాక్ చూడండి. ఇంజనీరు జెస్సీ హార్ట్లీ రూపకల్పన, 1846లో ప్రారంభం. సరుకు అగ్గిపాలు కాకూడదని, నిర్మాణంలో కలప జోలికి పోకుండా పోత ఇనుము, ఇటుక, రాయితోనే లేపాడు. రేవు వెంబడి ఆ లావుపాటి ఇనుప స్తంభాలు చూశాక అద్దాల మేడ బోసిగానే అనిపిస్తుంది, నా కంటికైతే.

స్థలం: గిడ్డంగిలో వరసగా స్తంభాలు, బల్లలే వాటి మధ్య సర్దుకోవాలి. కొత్తదాంట్లో నేలంతా ఖాళీ.

వెలుతురు: బస్తాలకు కిటికీలెందుకు? పాతదాంట్లో లోపలికి వెళ్తే పగలూ దీపాలే. కొత్తదాంట్లో వెలుతురు ఎక్కువై తెరలు దించుకోవాలి.

ఖర్చు: పాత ఇటుక గోడ ఎంత మందమైనా చలికాలం హీటింగ్ బిల్లు మోగుతుంది. అద్దాలకు వేసవిలో ఏసీ.

మార్పులు: అసలు చిక్కు ఇక్కడే. పాత గిడ్డంగి రక్షిత జాబితాలో, అంటే చారిత్రక విలువ ఉందని కాపాడే కట్టడాల జాబితాలో ఉంటే, దాని స్వరూపం మారే ఏ పనికైనా ముందే అనుమతి కావాలి. లేకుండా చేస్తే నేరం.

పదిమంది డిజైనర్లు, వచ్చే క్లయింటు కళ్లు తిప్పుకోకూడదు అనుకుంటే గిడ్డంగి. మూడొందల మంది కాల్‌సెంటర్, ఏటా గోడలు జరిపే అలవాటు ఉంటే అద్దాల మేడే.