సాంబా షేర్: అన్నీ బాగున్నాయి, ఆ క్యాపిటల్ లెటర్స్ గొడవ తప్ప

మా ఫొటో స్టూడియోలో లైనక్స్ డబ్బా మీద సాంబా (లైనక్స్‌లోని ఫోల్డర్లని నెట్‌వర్క్‌లో విండోస్ కంప్యూటర్లకి అందించే సాఫ్ట్‌వేర్; అలా అందించే ఫోల్డర్నే షేర్ అంటారు) నడుస్తూ ఏళ్లయింది. ఇన్‌స్టలేషన్ గురించి బోలెడంత మంది రాశారు, వదిలేస్తున్నా. కరెంటు పోయొచ్చినా దానంతటదే లేస్తుంది. పాస్‌వర్డ్ గొడవల్లేవు.

నా కోపం ఒక్కదాని మీదే. మా ఓనర్‌గారికి పెళ్లి ఫొటోలన్నీ ఒకే ఫోల్డర్లో ఉండాలి, నంబరు చెప్పగానే దొరకాలి. వేలల్లో ఉన్నన్నాళ్లూ బాగానే నడిచింది. లక్ష దాటాక కాపీ నత్తనడక పట్టింది. ముహూర్తాల సీజన్లో రాత్రి కార్డు పెడితే తెల్లారినా అవదు. కేబుల్ మార్చాం, స్విచ్ మార్చాం, డిస్క్ పోతోందేమోనని కొత్తదీ కొన్నాం. పక్కనే ఖాళీ ఫోల్డర్ తీసి అవే ఫొటోలు వేస్తే మాత్రం చకచకా పడ్డాయి!

సంగతేంటంటే, పేరు క్యాపిటల్స్‌లో ఉన్నా స్మాల్‌లో ఉన్నా విండోస్‌కి ఒకటే, లైనక్స్‌కి వేర్వేరు. ఉన్న ఫైలు పేరు అచ్చంగా కలిస్తే సాంబా వెంటనే ఇచ్చేస్తుంది. కొత్త పేరు వస్తేనే తంటా: ఇదే పేరు వేరే రకం అక్షరాల్లో ఉందేమోనని ఫోల్డరంతా గాలిస్తుంది. ప్రతి ఫొటోకీ ఇదే వరస.

మందు ఉంది. సాంబా సెట్టింగ్స్‌లో ఆ ఒక్క షేర్‌కి కేస్ సెన్సిటివ్ ఎస్, ప్రిజర్వ్ కేస్ నో, షార్ట్ ప్రిజర్వ్ కేస్ నో, డిఫాల్ట్ కేస్ లోయర్ అని పెట్టాలి. అంటే పేర్లన్నీ స్మాల్ లెటర్స్‌లోనే అనుకో, ఇక గాలించకు అని చెప్పడం. అంతకుముందే పాత పేర్లన్నీ స్మాల్ లెటర్స్‌లోకి మార్చి తీరాలి. ఒక్కటి మిగిలినా విండోస్‌లో కనబడుతుంది, తెరవబోతే లేదంటుంది.

వేగం తిరిగొచ్చింది, నిజం. కానీ ఇప్పుడు పెళ్లికూతురు పేరూ చిన్నక్షరాల్లోనే పడుతుంది, ఆల్బమ్ డిజైనర్ గొణుగుడు ఆగదు. (తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్లకి ఏమీ కాలేదు, మనకి పెద్దా చిన్నా ఎక్కడివి!) లైనక్స్ వైపు బ్యాకప్ స్క్రిప్టు క్యాపిటల్ జేపీజీల కోసం వెతికి, దొరక్క, ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఊరుకుంది. 2019లో వచ్చిన లైనక్స్ 5.2 కెర్నెల్ నుంచి ఎక్స్‌ట్4లోనే (లైనక్స్ డిస్క్ మీద ఫైళ్లు దాచే పద్ధతి, ext4) ఫోల్డర్‌వారీగా ఈ క్యాపిటల్-స్మాల్ తేడా తీసేయొచ్చు. అయితే ఖాళీ ఫోల్డర్‌కే అది పెట్టగలం, మాది నిండుకుండ.

కరెంటు పోయొచ్చినా లేస్తుందన్నానే, అందులో యూపీఎస్ పుణ్యమూ ఉంది. ఫంక్షన్‌కో ఫోల్డర్ పెట్టుకునేవాళ్లయితే డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో నిశ్చింతగా వాడుకోవచ్చు, ఈ గొడవ తెలియను కూడా తెలియదు. మాకు ఓనర్‌గారు ఒప్పుకోవాలి మరి.