పాత జెనెసిస్ ఎల్పీ అంటే ఆగండి, ముందు సంవత్సరం చూడండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పాత ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) కొనేవాళ్లందరికీ చెబుతున్నాను. జెనెసిస్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ డెబ్భైల్లో చేసిన సంగీతం వేరు, ఎనభైల్లో చేసింది వేరు. ఎవరైనా ఫోన్ చేసి "జెనెసిస్ రికార్డు ఉందన్నా, ఆ పొడుగు పాట పాడిన బ్యాండే" అంటే ఆ మాట పట్టుకుని డబ్బులు పంపేయకండి. నేను పంపాను. 2,800 రూపాయలు.

నేను అడిగింది వాళ్ల 1972 నాటి ఆల్బమ్ 'ఫాక్స్‌ట్రాట్'. ఆ ఏడాదే డబ్లిన్‌లో ఆ బ్యాండ్ గాయకుడు పీటర్ గాబ్రియేల్ తన భార్య ఎర్ర గౌను తొడుక్కుని, నక్క తల తగిలించుకుని స్టేజీ ఎక్కాడు. మా అమ్మమ్మగారి ఊరు బరంపురం. అక్కడి ఠాకురాణి అమ్మవారి యాత్రలో పులి వేషాలు చూస్తూ పెరిగిన నాకు ఆ నక్క తల మనవాళ్ల వేషంలాగే అనిపిస్తుంది. ఆ రికార్డు రెండో వైపు దాదాపు మొత్తం ఒకటే పాట, ఇరవై మూడు నిమిషాలకు కాస్త తక్కువ. దాని కోసమే ఇన్నాళ్లూ వెతికాను.

బస్సు పార్సిల్ ఇంటికి తెచ్చి, టేపు బ్లేడుతో కోసి అట్ట తీస్తే లోపల 'ఇన్విజిబుల్ టచ్'! లేబుల్ మీద 1986 అని ఉంది. అప్పటికి గాబ్రియేల్ వెళ్లిపోయి పదకొండేళ్లు, గిటార్ వాయించే స్టీవ్ హాకెట్ వెళ్లిపోయి తొమ్మిదేళ్లు. మిగిలింది బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్, కాలిన్స్ ముగ్గురే. ముల్లు పెట్టగానే ఎలక్ట్రానిక్ డ్రమ్స్ మొదలయ్యాయి. ఒక్కో దెబ్బ పెద్దగా మోగి, తలుపు మూసినట్టు ఠక్కున ఆగిపోతుంది. అంతా నున్నగా, మెరుస్తూ ఉంటుంది, ఎక్కడా గరుకు తగలదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ ఆల్బమ్ చెత్త అనడం లేదు. అందులోని ఐదు పాటలు అమెరికాలో టాప్ ఫైవ్‌కి వెళ్లాయి. రెండో వైపున్న 'డొమినో' పది నిమిషాలు దాటుతుంది, అందులో పాత జెనెసిస్ వాసన కొంచెం తగులుతుంది కూడా. కానీ నేను డబ్బు కట్టింది దీనికి కాదు. తిరిగి ఫోన్ చేస్తే అమ్మినవాడు "పేరు అదే కదా, తమ్ముడూ" అన్నాడు. రిటర్న్ లేదన్నాడు. మర్నాటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

అందుకే ముందు లేబుల్ రెండు వైపులా ఫొటో అడగండి. పాటల పేర్లు, సంవత్సరం చదవగలిగేలా ఉండాలి. కవర్ ఫొటో ఒక్కటే పంపితే ఒప్పుకోకండి, లోపల వేరే రికార్డు పెట్టినా తెలియదు. రికార్డు తిరుగుతున్న వీడియో కూడా అడగండి, నాకొచ్చింది అంచున కాస్త వంగి ఉంది. యెస్ బ్యాండ్ రికార్డులకీ ఇదే జాగ్రత్త కావాలి: డెబ్భైల నాటి పొడుగు పాటలు ఆశించి 1983 నాటి '90125' అనే ఆల్బమ్ కొంటే చేతికొచ్చేది వేరే సంగీతం.

ఆ ఎనభైల పాటలే ఇష్టమైనవాళ్లు మన వైపు ఉంటే నా దగ్గరున్నది 900కి ఇస్తాను. వంగిన అంచు ఫొటోతో సహా పంపుతాను.