ఉప్పుగాలిలో బయాస్-టీ: అల్లవరం డాబా మీది అనుభవం

వాతావరణ ఉపగ్రహాల చిత్రాలు పట్టుకోవడానికి నేను చాలాకాలంగా వాడుతున్న ఎస్‌డీఆర్ డాంగిల్‌లో (కంప్యూటరుకు తగిలించే చిన్న రేడియో రిసీవరు) బయాస్-టీ గురించి, అంటే యాంటెన్నా కేబులులోకే విద్యుత్తు పంపే ఏర్పాటు గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. మిగిలిన సంగతులు ఈ పనిలో ఉన్నవారికి తెలిసినవే. సిగ్నల్ దిగివచ్చే కేబులులోనే 4.5 వోల్టుల విద్యుత్తు ఎదురెక్కి డాబా మీద సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయరుకు అందుతుంది కాబట్టి వేరే తీగ, వేరే అడాప్టరు అక్కర్లేదని కొన్న కొత్తలో అందరికీ చెప్పాను. అది ఇప్పటికీ నిజమే, కానీ సముద్రపు గాలి తగిలే మా అల్లవరం వైపు ఆ మాటకు ఒక షరతు చేర్చాలి.

అమెరికావారి వాతావరణ ఉపగ్రహాలు నోవా 15, 18, 19 పనిచేసినంతకాలం తెగులు బయటపడలేదు. వాటి ఏపీటీ అనే చిత్రప్రసారం అనలాగ్ కనుక, సిగ్నల్ నీరసించినా బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వచ్చేవే తప్ప బంగాళాఖాతం మీది మేఘాలు ఎలాగో కనిపించేవి. 2025 ఆగస్టుకల్లా ఆ మూడూ మూతపడి, ఈ 137 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాల్లో నాకు రష్యావారి మెటియార్-ఎం ఉపగ్రహాలే దిక్కయ్యాయి. వాటి ఎల్ఆర్‌పీటీ డిజిటల్ ప్రసారం. సిగ్నల్ చాలినంత ఉంటే బొమ్మ తేటగా వస్తుంది, చాలకపోతే ఒక్క గీతా రాదు. సిగ్నల్‌ను బొమ్మగా మార్చే సాట్‌డంప్ సాఫ్ట్‌వేర్ తెరపై నాలుగు గుంపులుగా విడివడవలసిన చుక్కలు ఒకే ముద్దగా ఉండిపోయేవి. రొయ్యల చెరువుల ఏరేటర్లు, వీధి ఎల్‌ఈడీ దీపాలు సిగ్నల్‌ను చెడగొడుతున్నాయేమోనని అనుమానించాను గాని, ఊరంతా కరెంటు పోయిన రాత్రి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద చూసినా అదే తంతు.

ఆంప్లిఫయరుకు విద్యుత్తు అందితే వాటర్‌ఫాల్‌లో (పౌనఃపున్యాల వారీగా సిగ్నల్ బలం చూపే తెర) నాయిస్, అంటే నేపథ్య రొద, మట్టం ఒక్కసారిగా పైకి లేవాలి. బయాస్-టీ వేసినా తీసినా అది కదలలేదు. మల్టీమీటరు మొదట తికమక పెట్టింది: కేబులు పైకొసన ఏమీ తగిలించకుండా కొలిస్తే వోల్టేజి సరిగ్గానే ఉంది, ఆంప్లిఫయరు తగిలించగానే రెండు వోల్టుల లోపుకు పడిపోయింది. కనెక్టరు మీది టేపు విప్పితే లోపల చెమ్మ, నడిమి పిన్ను చుట్టూ పచ్చటి చిలుము. గోటితో గీరితే పొడిగా రాలింది. ఉప్పు కలిసిన తేమలో ఒకే దిశలో విద్యుత్తు నిలిచి ఉంటే ప్లస్ వైపు లోహాన్ని అది తినేస్తుంది. అదే డాబా మీద, విద్యుత్తు పారని పాత టీవీ యాంటెన్నా కనెక్టరు మసకబారి ఊరుకుంది.

కొత్త కనెక్టరు వేసి, విద్యుత్తు పారే చోట ఉప్పుగాలి తగలకుండా ఆంప్లిఫయరును మెట్లగదిలోకి దించాను. 137 మెగాహెర్ట్జ్ వద్ద పది మీటర్ల ఆర్‌జీ-6 కేబులులో తగ్గే సిగ్నల్ ఒక డెసిబెల్ లోపే కాబట్టి చిత్రంలో తేడా కనిపించలేదు. ఉపగ్రహం మా మీదుగా సాగే ఆ పావుగంట మాత్రమే బయాస్-టీ వేస్తున్నాను.

రాజమండ్రి వంటి లోపలి ఊళ్లవారికి ఇంత జాగ్రత్త అవసరం కాకపోవచ్చు. 1.7 గిగాహెర్ట్జ్ ప్రసారాలు పట్టేవారికి మాత్రం నా పద్ధతి కుదరదు. అక్కడ అంతే కేబులులో మూడు డెసిబెల్‌ల దాకా పోతుంది గనుక ఆంప్లిఫయరు యాంటెన్నా దగ్గరే ఉండాలి. మామూలు ఎలక్ట్రికల్ టేపు బదులు, సాగదీసి చుడితే తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు వాడి, వానాకాలం ముందొకసారి విప్పి చూసుకోవాలి.