మూడేళ్లు వాడిన ఇత్తడి దుర్భిణి: గొట్టాల గురించి మళ్లీ ఒకసారి

కొన్న వారానికే ఈ దుర్భిణికి ఐదు స్టార్లు ఇచ్చి, "గొట్టాలు వెన్నలా జారుతున్నాయి" అని రాశాను. మూడేళ్లు దాటింది. ఆ మాట అప్పటికి నిజమే. కానీ అది చదివి కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే, తరవాత ఏం జరిగిందో కూడా వాళ్లకు చెప్పడం న్యాయం.

పొడవెంత, పెట్టె మీద లంగరు బొమ్మ ఎలా ఉంది, తోలు ఏ రంగు, ఇవన్నీ ఫొటోల్లో కనిపించేవే కాబట్టి వదిలేస్తున్నాను. నేను మాట్లాడేది గొట్టాల గురించి. ఒకదాంట్లో ఒకటి ఒదిగి ఉన్న మూడు ఇత్తడి గొట్టాలు. మూసి ఉంటే గుప్పిట్లో పడుతుంది, లాగితే మూరెడు అవుతుంది. చివరి గొట్టాన్ని కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటే ఒకచోట మసక విడిపోయి బొమ్మ తేటగా నిలుస్తుంది. తిప్పడానికి చక్రాలేమీ లేవు. అందుకే కొన్నాను, నాన్న కోసం.

నాన్న విశాఖ పోర్టులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. మా ఇల్లు చినవాల్తేరులో. డాబా ఎక్కితే ఎదురుగా సముద్రం, కుడిచేతి వైపు దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ. పోర్టు లోపల ఆగడానికి చోటు (బెర్తు) దొరికేదాకా బయట లంగరు వేసుకుని ఆగిన షిప్పులు రోజూ ఐదో పదో కనిపిస్తాయి. రిటైరైనా ఆయన లెక్క మానలేదు. పొద్దున్న కాఫీ గ్లాసుతో పైకెక్కి ఏది వచ్చింది, ఏది లోపలికి వెళ్లింది అని నోటుబుక్కులో రాసుకుంటారు. ఎడమ కన్ను నీటికాసులతో పోయింది. వేళ్ల కణుపులు వాచి ఉంటాయి. తమ్ముడు ఇచ్చిన బైనాక్యులర్ బాగానే ఉన్నా, మధ్యలో ఉండే సన్న చక్రాన్ని ఆ వేళ్లతో తిప్పలేక, ఒక కంటితోనే చూడాల్సి వచ్చి, బీరువాలో పెట్టేశారు. దుర్భిణికైతే ఒక కన్ను చాలు. గొట్టాన్ని గుప్పిటతో పట్టుకుని లాగడమే. కళ్లజోడు తీసేసి చూసినా, గొట్టం ఇంకాస్త జరిపితే ఆయన చూపుకు సరిపోతుంది.

మొదటి రోజు చూసి, "అది ఖాళీగా వచ్చింది చూడు, ఎర్ర పొట్ట ఎంత పైకి తేలి ఉందో" అన్నారు. నేనూ చూశాను. షిప్పు అడుగున వేసే ఎర్ర రంగు నీళ్ల పైన వెడల్పాటి పట్టీలా కనిపించింది. సరుకుతో నిండితే ఆ పట్టీ నీళ్లలో మునిగిపోతుందట. ఇరవై ఏళ్లుగా అదే డాబా మీద బట్టలు ఆరేస్తూ ఆ షిప్పులను నల్లటి గీతల్లా చూసినదాన్ని. ఐదు స్టార్లూ ఆ పూట ఇచ్చినవే.

ప్రకటనలో ఇరవై రెట్లు అని ఉంటే నమ్మకండి. మాది ఎనిమిది రెట్లకు అటూ ఇటూ. ఎదురింటి ప్రహరీకి సిమెంటు పూయలేదు, ఇటుకలు కనిపిస్తాయి. ఒక కన్ను దుర్భిణికి పెట్టి రెండో కన్ను తెరిచే ఉంచితే, పెద్దదిగా కనిపించే ఒక్క ఇటుక ఎత్తు, మామూలుగా కనిపించే ఎనిమిది వరసలతో సమానంగా వచ్చింది. అంతకన్నా ఎక్కువ ఉన్నా మనకు పనికిరాదు, చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. ఇప్పటికీ పిట్టగోడకు మోచేతులు ఆన్చి చూస్తేనే సుఖం.

ఇక గొట్టాలు. మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. రెండో ఏడాది వానాకాలం వెళ్లాక మూడో గొట్టం కిరకిరమని పట్టుకోవడం మొదలుపెట్టింది. అమ్మ కుట్టుమిషనుకు వేసినట్టు నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసింది. వెంటనే మళ్లీ జారింది. అప్పటినుంచి వారానికోసారి నూనె రాయడం మా ఇంట్లో అలవాటైంది, నేనూ రాశాను. ధనుర్మాసంలో ఒక పొద్దున్న నాన్న కిందికి దిగి వచ్చి దుర్భిణిని బల్ల మీద పెట్టారు. సగం బయటికి వచ్చిన గొట్టం ఇటూ రాదు, అటూ పోదు. నేను గుడ్డ చుట్టి లాగాను, తమ్ముడు లాగాడు. పక్కింటాయన పట్టకారు తెస్తానంటే మాత్రం నాన్న వద్దన్నారు. ఆ అడ్డుచెప్పడమే దాన్ని కాపాడిందని తరవాత తెలిసింది.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే, గడువు దాటిపోయింది, ఇది అలంకరణ వస్తువు, వాడకానికి హామీ లేదు అని జవాబు వచ్చింది. పెట్టెలో ఉన్న చీటీలో మాత్రం "సముద్ర ప్రయాణాలకు" అని ఉంది. నాకు బాధేసింది. అలంకరణకే అయితే ఆ మాట కొనేటప్పుడే చెప్పాలి. గొట్టం మీద లండన్ అనీ, 1915 అనీ చెక్కి ఉంటుంది, తయారైంది రూర్కీలో. రూర్కీ అని రాసుకోవడానికి సంకోచం ఎందుకో నాకు అర్థం కాదు. 1847లో అక్కడ ఇంజినీరింగ్ కాలేజీ పెట్టారు, సర్వే పరికరాలు చేయడంలో ఆ ఊరికి ఎంతో పేరుంది.

వన్‌టౌన్‌లో ఇత్తడి బిందెలకు మాట్లు వేసే పెద్దాయన ఒకరున్నారని నాన్నే చెప్పారు. తీసుకెళ్లాను. ఆయన లాగలేదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"కొబ్బరినూనె రాసినారా అమ్మా?"

"అవును బాబాయ్, వారం వారం."

"అదే మరి. చలికి గడ్డ కట్టీసింది. దానికి ఉప్పుగాలి, దుమ్ము. లోపల చూడు, పచ్చగా చిలుము."

కొబ్బరినూనె చలికి పేరుకుంటుందని తలకు రాసుకునే నాకు తెలియదా. ఇత్తడి దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతే తట్టలేదు. పైగా పాత నూనె ఇత్తడిలోని రాగిని తిని, ఆకుపచ్చటి జిగురు ముద్దలా తయారైంది. కొత్తలో వెన్నలా జారింది వాళ్లు లోపల పూసి పంపిన గ్రీజు వల్లేనని కూడా ఆయనే చెప్పారు. అది అరిగిపోయాక మేం చేసిన పని ఇది.

ఆయన మొదట ముందువైపు మర ఉన్న కట్టు విప్పి పెద్ద అద్దాన్ని తీయించారు. తరవాత కంటివైపు ఉన్న చిన్నవీ. అన్నీ నా చున్నీ కొంగులో పెట్టుకున్నాను. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను బయటి గొట్టానికి చుట్టి, సందులో కిరసనాయిలు రెండు చుక్కలు వదిలి, కాసేపు ఆగి, లాగకుండా మెల్లగా మెలితిప్పారు. వేడికి బయటి గొట్టం ఒక వెంట్రుకంత సాగితే చాలట. మూడోసారికి కదిలింది. "పట్టకారు పెడితే గొట్టం గుండ్రం పోయుండేది. గుండ్రం పోతే మరి నేనేటి సేయలేను" అన్నారు. పాత నూలుగుడ్డతో లోపలా బయటా తుడిచి, కొవ్వొత్తి మైనం ఒక్క గీత గీసి రుద్ది ఇచ్చారు. నూట యాభై తీసుకున్నారు. నూనె పేరెత్తవద్దన్నారు.

నేను ఇంత రాయడానికి అసలు కారణం ఆ తరవాత జరిగింది. ఇంటికొచ్చి అద్దాలు బిగించి నాన్నకిచ్చాను. ఆయన పైకెళ్లి పది నిమిషాలకు గట్టిగా పిలిచారు. "ఏటమ్మా, దీనికి అద్దం మార్పించినావా? బంతి కనపడతంది!"

పగటిపూట లంగరు వేసుకుని ఉన్న ఓడ ముందు భాగాన ఒక నల్లటి బంతిని పైకి కట్టి ఉంచాలి, అది సముద్రంలో అందరికీ వర్తించే నియమం. అంతవరకు మా దుర్భిణిలో అది ఎప్పుడూ కనిపించలేదు. ఆరోజు దగ్గరగా ఆగిన షిప్పు మీద మిరియపు గింజంత నల్లచుక్క, స్పష్టంగా. నేను చూసినప్పుడు కూడా ఉంది.

అద్దం ఎవరూ మార్చలేదు. బిగించేటప్పుడు ఏ వైపు ఎటు ఉండేదో నేను గుర్తుపెట్టుకోలేదు, అంతే. అనుమానం వచ్చి విప్పి చూస్తే, ఆ పెద్ద అద్దం ఒకవైపు బల్లపరుపుగా, ఇంకోవైపు ఉబ్బెత్తుగా ఉంది. బల్లపరుపు వైపు బయటికి పెట్టి చూశాను, పాత మసకే వచ్చింది. తిప్పి ఉబ్బు బయటికి పెట్టాను, బంతి కనిపించింది. మూడుసార్లు చేశాను. దూరం నుంచి సమాంతరంగా వచ్చే వెలుతురుకు ఉబ్బెత్తు వైపు ఎదురుగా ఉంటేనే, అంచుల మీదుగా వచ్చేదీ మధ్యలోంచి వచ్చేదీ దాదాపు ఒకేచోట కలుస్తాయి. తిరగేస్తే చెదిరిపోతాయి. అంటే తయారైన రోజు నుంచీ అద్దం తలకిందులుగానే ఉంది, ఆ మసకతోనే ఐదు స్టార్లిచ్చాను.

మీది ఎలా ఉందో చూసుకోవాలంటే విప్పాల్సిన పని కూడా లేదు. ముందు అద్దంలో ట్యూబ్‌లైటు నీడ చూడండి. మీద పడ్డ మొదటి నీడ మామూలు అద్దంలోలా వంపు లేకుండా ఉంటే బల్లపరుపు వైపు బయటికి ఉన్నట్టు, చిన్నదై సన్నగా వంగి కనిపిస్తే ఉబ్బు వైపు ఉన్నట్టు. బెంగళూరులో మా చెల్లెలు కొడుకు కోసం ఇదే రకం తెప్పించుకుంది, వాళ్లది మొదటినుంచీ సరిగ్గానే ఉంది. కాబట్టి చూడకుండా తిప్పేయకండి.

ఆ ఉత్సాహంలో ఇంకొకటి చేశాను. నల్ల చార్టు గుండ్రంగా కత్తిరించి, మధ్యలో రూపాయి బిళ్లకన్నా కొంచెం చిన్న రంధ్రం చేసి అద్దం ముందు పెట్టాను. వెలుతురు తగ్గింది, బొమ్మ ఇంకా తేరింది. గెలీలియో కూడా తన దుర్భిణి అద్దాల ముందు అట్టముక్కలు పెట్టి అంచులు మూసేవాడు. మధ్యాహ్నపు సముద్రానికి చార్టు బాగుంటుంది, సాయంత్రం తీసేయాలి.

నీలి అంచు మాత్రం పోలేదు. తెల్లటి షిప్పు చుట్టూ ఒకవైపు నీలం, ఇంకోవైపు పసుపు చారలు వస్తాయి. ఒకే గాజు వాడితే రంగులు విడిపోక తప్పదు. రెండు రకాల గాజును కలిపి ఆ రంగుల్ని కలిపేసే అద్దానికి లండన్‌లో జాన్ డాలండ్ 1758లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఈ ధరలో అది పెట్టలేరు, ఆ సంగతి నేను ఒప్పుకుంటాను. మేం ఇచ్చింది 1,850 రూపాయలు. చంద్రుణ్ణి చూస్తే అంచున గుంటలు తెలుస్తాయి, చుట్టూ నీలి వలయంతో. సూర్యుడి వైపు మాత్రం ఎవరూ, ఒక్క క్షణం కూడా పెట్టకూడదు. పిల్లలున్న ఇంట్లో పెట్టెకు తాళం ఉండాల్సిందే.

"రంగు తగ్గదు" అని కూడా అప్పట్లో రాశాను. దసరాకు ఆయుధపూజలో పెడదామని చింతపండుతో తోమింది నేనే. మెరుపు వచ్చింది, పైన ఉన్న సన్నటి పూత పోయింది. ఇప్పుడు తోమిన పది రోజులకు మళ్లీ నల్లబడుతుంది. నాన్నకు ఆ నలుపే ఇష్టం కాబట్టి మానేశాం.

ఎవరు కొనాలి అంటే, నాకు తెలిసింది మా నాన్న సంగతే. రెండు కళ్లూ బాగుండి, వేళ్లు సహకరించేవాళ్లు అదే డబ్బుకు మామూలు బైనాక్యులర్ కొనుక్కుంటే ఎక్కువ కనిపిస్తుంది. సముద్రం దగ్గరైతే వాడిన ప్రతిసారీ గొట్టాల్ని పొడిగుడ్డతో తుడిచి మూయాలి. ఆ ఓపిక మాకు ఇప్పుడుంది, మొదట్లో లేదు. ఊరికే షోకేసులో పెట్టుకోవడానికి కావాలంటే నా అభ్యంతరం ఏమీ లేదు, పెట్టె అందంగానే ఉంటుంది. ఒక కంటితో చూసే మనిషి, చక్రం తిప్పలేని చేతులు, ఎదురుగా ఏదో ఒకటి కదిలే దూరం ఉన్న ఇల్లు, ఈ మూడూ కలిస్తే మాత్రం మళ్లీ కొంటాను, కొనగానే అద్దంలో ట్యూబ్‌లైటు చూస్తాను.

మూడో గొట్టం ఇప్పుడు వెన్నలా జారదు. కాస్త బిగువుగా, పెట్టిన చోట ఆగుతుంది. నాన్న అదే బాగుందంటున్నారు. వేళ్లు వణికినా బొమ్మ చెదరడం లేదట. నోటుబుక్కులో తేదీ పక్కన కొత్తగా ఇంకో గడి గీసుకున్నారు, బంతి కనిపించిన షిప్పులకు టిక్కు పెట్టడానికి. నిన్న ఏడింటిలో నాలుగు.