20 ఏళ్లు జీ++ వాడాక: హెడర్ల గొడవ, ఎస్‌టీడీ గోల

గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లాబ్ చూసుకుంటాను. నేను సీ++ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నది టర్బో సీ++ 3.0 అనే పాత డాస్ కాలపు కంపైలర్ (రాసిన ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చేది) మీద. పిల్లలకి చెప్పడం మొదలుపెట్టిందీ దాని మీదే. ఇంట్లో మాత్రం 2006 నుంచి జీ++, అంటే జీసీసీ అనే ఉచిత కంపైలర్ల కట్టలో సీ++ కంపైలర్. అప్పట్లో ప్రోగ్రామ్‌లు రాసుకునే డెవ్-సీ++ 4.9.9.2 అనే సాఫ్ట్‌వేర్ ఉండేది, దాన్ని ఎవరి దగ్గరో సీడీలో ఎక్కించుకొచ్చి వేసుకున్నా. దాని లోపల పనిచేసేది జీసీసీ 3.4.2. తర్వాత ఉబుంటు, ఆ తర్వాత విండోస్‌లో ఎమ్‌సిస్2, అలా జీసీసీ 15 దాకా వచ్చాను. కంపైలర్ వేగం గురించీ ఆప్టిమైజేషన్ గురించీ రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను హెడర్ ఫైళ్ల గురించి (సిద్ధంగా ఉన్న ఫంక్షన్ల వివరాలు ప్రోగ్రామ్‌లోకి తెచ్చే ఫైళ్లు), నేమ్‌స్పేస్ గురించి (పేర్లు కలగలిసిపోకుండా పెట్టే గుంపు పేరు) రాస్తాను. లాబ్‌లో మొదటి నెలంతా పిల్లలు గింజుకునేది అక్కడే కాబట్టి.

ముందు టర్బో గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఫంక్షన్ పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్, ఎఫ్1 నొక్కితే అది ఏ హెడర్‌లో ఉందో, ప్రోటోటైప్ (అది ఏం తీసుకుంటుందో, ఏం ఇస్తుందో చెప్పే ఒక లైను) ఏమిటో, ఒక చిన్న ఉదాహరణతో సహా నీలం తెర మీద ప్రత్యక్షమయ్యేది. నెట్ లేని రోజుల్లో మా గురువు అదే. ఈనాటికీ అంత సుఖంగా హెడర్ పేరు చెప్పే సాయం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

అయితే ఆ టర్బో పుట్టింది 90ల మొదట్లో. సీ++కి మొదటి ఐఎస్‌ఓ స్టాండర్డ్ వచ్చింది 1998లో. తెర మీద ప్రింట్ చేయడానికి, కీబోర్డు నుంచి తీసుకోవడానికి వాడే ఐఓస్ట్రీమ్ హెడర్ పేరు వెనక డాట్ హెచ్ తీసేసింది, లైబ్రరీ పేర్లన్నిటినీ ఎస్‌టీడీ అనే నేమ్‌స్పేస్‌లో పెట్టింది ఆ స్టాండర్డే. అంటే మా పిల్లలు రికార్డుల్లో రాసే ‘ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్’ స్టాండర్డ్‌లో ఏ రోజూ లేదు. టర్బోకి నేమ్‌స్పేస్ అన్న మాటే తెలియదు. బూల్ (అవునా కాదా చెప్పే రకం) తెలియదు, వెక్టర్ (అవసరం కొద్దీ పెరిగే అరే) తెలియదు. ఫైలు పేర్లు కూడా డాస్ కాలానివి, ఎనిమిది అక్షరాలకు మించకూడదు. ‘ఐఓస్ట్రీమ్’ ఇంగ్లిష్‌లో లెక్కగా ఎనిమిది అక్షరాలే కాబట్టి బతికిపోయింది. ‘స్ట్రస్ట్రీమ్’కి తొమ్మిది అక్షరాలు, చివరి ఎమ్ కత్తిరించి ‘స్ట్రస్ట్రియా డాట్ హెచ్’ అని పెట్టుకున్నారు. ఎవరో పేరు మధ్యలో పిలవడం ఆపేసినట్టు ఉంటుంది చూస్తే.

మా లాబ్‌లో ఈ రెండు కాలాలూ ఎదురుపడిన సందర్భం ఒకటి సుమారు 2011లో వచ్చింది. ఒక అమ్మాయి ఇంట్లో అన్నయ్య లాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ రాసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి టర్బోలో తెరిచింది. ‘అనేబుల్ టు ఓపెన్ ఇన్‌క్లూడ్ ఫైల్ ఐఓస్ట్రీమ్’ అని ఎర్రర్.

“ఇంట్లో రన్ అయింది మేడం, ఒట్టు.”

“అయ్యే ఉంటుందమ్మా. డాట్ హెచ్ పెట్టు. ఆ కింద యూజింగ్ నేమ్‌స్పేస్ అని రాశావే, అది తీసెయ్.”

“మరి ఇంట్లో తీస్తే రావట్లేదు మేడం.”

ఏం చెప్పాలి? ఇంట్లో ఒక సీ++, కాలేజీలో ఇంకో సీ++. పరీక్షలో మాత్రం కాలేజీదే రాయమని చెప్పి పంపించాను. ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఇక జీ++ సంగతికి వద్దాం. 3.4.2లో ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్ రాస్తే పని జరిగేది, కాకపోతే ఇది పాతబడిన హెడర్ అని పొడుగాటి వార్నింగ్ ఇచ్చేది. దాన్ని ఎవరూ చదివేవాళ్లం కాదు. 2008లో జీసీసీ 4.3 వచ్చినప్పుడు ఆ పాత హెడర్లను మొత్తం తీసేశారు. మా కాలేజీలో కొన్ని సిస్టమ్‌లకి ఉబుంటు 8.10 ఎక్కించాం, దానితో వచ్చింది సరిగ్గా ఆ 4.3నే. సోమవారం పొద్దున్న లాబ్ తెరిస్తే రికార్డులో ఉన్న ప్రోగ్రామ్ ఒక్కటీ నడవలేదు. ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’. ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌ని వాయిడ్ మెయిన్ అని రాసినందుకు ఇంకో ఎర్రర్. తెర తుడిచే టర్బో ఫంక్షన్ సీఎల్ఆర్‌ఎస్‌సీఆర్ లేనందుకు మరొకటి. ఆ రోజు కోపమొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వార్నింగులు ఏళ్ల తరబడి మాకే చెప్తున్నాయి, మేమే వినలేదు.

నేమ్‌స్పేస్ అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను హాజరు పట్టీ తీస్తాను. ప్రతి సెక్షన్‌లోనూ ముగ్గురు సాయిలు ఉంటారు. ఒట్టి ‘సాయి’ అని పిలిస్తే ముగ్గురూ లేస్తారు, ఇంటిపేరుతో పిలిస్తే ఒక్కడే లేస్తాడు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఎస్‌టీడీ కూడా ముందే వస్తుంది, కాబట్టి ఇది చెప్పడం మనకు తేలిక. ‘యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ’ అంటే ఆ ఇంటివాళ్లందరినీ ఒట్టి పేర్లతో పిలుచుకుంటాం అని ముందే ప్రకటించడం. ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెలియకుండా ప్రకటిస్తున్నాం, చిక్కంతా అదే. కౌంట్, మ్యాక్స్, డిస్టెన్స్, లెఫ్ట్, రైట్, నెక్స్ట్ అందరూ ఆ ఇంటివాళ్లే.

దీనివల్ల ఎర్రర్ వస్తే నాకు బాధ లేదు. గ్లోబల్‌గా ‘ఇంట్ కౌంట్’ అని పెట్టుకుని, పోటీ పరీక్షల కోచింగ్‌లో నేర్చుకున్న ‘బిట్స్’ హెడర్ (లైబ్రరీ మొత్తాన్నీ ఒకేసారి తెచ్చేది) తగిలిస్తే, ‘రెఫరెన్స్ టు కౌంట్ ఈజ్ ఆంబిగ్యుయస్’ అంటుంది. పేరు మార్చుకుంటారు, అయిపోతుంది. అసలు నొప్పి ఏ ఎర్రరూ రానప్పుడు.

అలాంటిది 2017లో ఒకటి జరిగింది. ప్రయోగం పాతదే: కాల్ బై వాల్యూ, అంటే ఫంక్షన్‌కి విలువల నకలు మాత్రమే పంపడం. రెండు అంకెలు 10, 20. రెంటినీ తారుమారు చేసే స్వాప్ అనే ఫంక్షన్‌కి పంపాలి, తిరిగొచ్చాక అవి మారలేదని చూపించాలి. ఒక కుర్రాడు చెయ్యెత్తాడు.

“మేడం, నాది కాల్ బై వాల్యూనే. అయినా 20, 10 అని వస్తోంది.”

నకలు కాకుండా అసలు వేరియబుల్‌నే పంపే (దాన్నే రిఫరెన్స్ అంటారు) యాండ్ గుర్తు పెట్టి ఉంటాడనుకున్నా. చూశా, లేదు. రెండు మామూలు ఇంట్ పారామీటర్లు, లోపల టెంప్, మూడు లైన్లు, అంతా సవ్యంగా ఉంది. పక్క సిస్టమ్‌లో కంపైల్ చేయించా. అక్కడా 20, 10. ఫంక్షన్ లోపల తెర మీద ప్రింట్ చేసే సీఅవుట్ ఒకటి పెట్టమన్నాను. అది ప్రింటే కాలేదు. అంటే వాడు రాసిన స్వాప్‌ని ఎవరూ పిలవడం లేదు. మరి అంకెలు ఎవరు మార్చారు?

కుర్రాడు స్వాప్‌ని మెయిన్ కింద రాశాడు, పైన ప్రోటోటైప్ ఇవ్వడం మర్చిపోయాడు. మెయిన్ దగ్గరికి వచ్చేసరికి కంపైలర్‌కి వాడి స్వాప్ ఇంకా కనపడలేదు. కానీ పైన యూజింగ్ నేమ్‌స్పేస్ ఉంది. జీ++లో ఐఓస్ట్రీమ్ హెడర్ తన వెనకాలే ఎస్‌టీడీ వారి స్వాప్‌ని కూడా లాక్కొస్తుంది. అది రిఫరెన్స్‌తో పనిచేసేది, నిజంగానే మార్చేస్తుంది. కంపైలర్ నిక్షేపంగా దాన్ని పిలిచేసి ఊరుకుంది. ఒక్క వార్నింగ్ కూడా లేదు, వార్నింగులు ఎక్కువగా చూపించే వాల్ ఆప్షన్ పెట్టినా లేదు. వాడి ఫంక్షన్‌ని మెయిన్ పైకి జరిపితే 10, 20 వచ్చింది, ఎందుకంటే టెంప్లేట్‌కీ (ఏ రకం విలువలకైనా పనికొచ్చే అచ్చు, ఎస్‌టీడీ వారి స్వాప్ అలాంటిదే) మామూలు ఫంక్షన్‌కీ మధ్య తేల్చుకోవాల్సి వస్తే మామూలుదానికే పెద్దపీట. యూజింగ్ లైను తీసేసి, ఫంక్షన్ కిందే ఉంచితే అప్పుడు వచ్చింది సరైన ఎర్రర్: ‘స్వాప్’ ఇక్కడ డిక్లేర్ కాలేదని.

ఇదే ప్రోగ్రామ్ టర్బోలో రాసి ఉంటే ‘ఫంక్షన్ స్వాప్ షుడ్ హ్యావ్ ఎ ప్రోటోటైప్’ అని మొహం మీదే చెప్పేది. ముసలిదే, కానీ ఆ ఒక్క విషయంలో గెలిచింది.

జీ++ మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే. ఐఓస్ట్రీమ్ అడిగితే స్ట్రింగ్ ఇస్తుంది, స్వాప్ ఇస్తుంది, మనం అడగనివి ఇంకా ఎన్నో ఇస్తుంది. పక్కింట్లోంచి పంచదార తెచ్చుకుని రోజూ కాఫీ పెట్టుకున్నట్టు. వాళ్లు ఊరెళ్లిన రోజున కానీ మన డబ్బా ఖాళీ అని తెలియదు. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++లో ఇదే చూశాను. స్ట్రింగ్ హెడర్ పెట్టకుండా స్ట్రింగ్‌ని సీఅవుట్‌కి ఇస్తే, ‘ఆపరేటర్ దొరకలేదు’ అంటూ తలాతోకా తెలియని ఎర్రర్ ఇచ్చేది. జీ++లో అదే కోడ్ హాయిగా నడిచేది. అప్పుడు జీ++ మంచిది, మైక్రోసాఫ్ట్‌ది చెడ్డది అనుకున్నా. తప్పు మా కోడ్‌లోనే ఉంది.

జీసీసీ వాళ్లు కూడా ఈ పంచదార అప్పుడప్పుడూ ఆపేస్తుంటారు. 4.3లో ఒక హెడర్ లోపలి నుంచి ఇంకో హెడర్‌ని తెచ్చే ఇన్‌క్లూడ్‌లు తగ్గించారు, సీస్ట్రింగ్, సీఎస్‌టీడీలిబ్ హెడర్లు పెట్టని ప్రోగ్రామ్‌లు పడిపోయాయి. 13లో మళ్లీ తగ్గించారు, ఈసారి సీఎస్‌టీడీఇంట్ పెట్టనివాళ్ల వంతు. మధ్యలో జీసీసీ 11 వచ్చినప్పుడు ఇంకో రకం దెబ్బ. ఆప్షన్ ఏమీ ఇవ్వకపోతే సీ++17 తీసుకోవడం అప్పుడు మొదలైంది. సీ++17లో ఎస్‌టీడీ ఇంట్లో ‘డేటా’, ‘సైజ్’, ‘బైట్’ అనే కొత్తవాళ్లు చేరారు. మా డేటా స్ట్రక్చర్స్ లాబ్‌లో గ్లోబల్ అరేకి ‘డేటా’ అని కాకుండా ఇంకేం పేరు పెడతారు? సగం క్లాసు ఆగిపోయింది.

వీటన్నిటికీ నేమ్‌స్పేస్‌దే తప్పు అనుకోకండి. అది లేకపోతే ఎలా ఉంటుందో చూడాలంటే, రెండు బిందువుల మధ్య దూరం కనుక్కునే ప్రోగ్రామ్ రాయండి. ఎక్స్1, వై1, ఎక్స్2, వై2 గ్లోబల్‌గా పెట్టి గణిత ఫంక్షన్ల హెడర్ సీమ్యాథ్ తగిలించండి. వై1 ఒక్కటే ఒప్పుకోదు. బెసెల్ అనే గణిత ఫంక్షన్‌కి పాత సీ లైబ్రరీలో ఆ పేరుంది, పైగా ఏ ఇంటిపేరూ లేకుండా బయటే కూర్చుంది. ఎర్రర్ చూసిన పిల్లలు “ఎక్స్1 ఏం పుణ్యం చేసుకుంది మేడం” అని అడుగుతారు.

మెచ్చుకోవాల్సినదీ ఉంది. ఎర్రర్ మెసేజ్‌లు బాగా మారాయి. ఒకప్పుడు ‘సీఅవుట్ డిక్లేర్ కాలేదు’ అని వదిలేసేది, ఇప్పుడు ‘ఎస్‌టీడీ సీఅవుట్ అనబోయారా’ అని అడుగుతుంది. హెడర్ మర్చిపోతే ఫలానా పేరు ఫలానా హెడర్‌లో ఉంది, అది చేర్చితే సరిపోవచ్చు అని లైను కూడా రాసి చూపిస్తుంది. టర్బో కంట్రోల్ ఎఫ్1కి ఇది దగ్గరి చుట్టం. ఇంగ్లిష్ అంతగా రాని పిల్లలు కూడా ఆ ఇన్‌క్లూడ్ లైనుని చూసి యథాతథంగా దించుకోగలుగుతున్నారు.

సీ++23 నుంచి ‘ఇంపోర్ట్ ఎస్‌టీడీ’ అని ఒకే లైనుతో లైబ్రరీ మొత్తం తెచ్చుకోవచ్చు. జీసీసీ 15లో ప్రయోగదశలో ఉంది, వేసి చూశాను. స్టాండర్డ్ మాడ్యూల్‌ని ముందు మనమే ఒకసారి కంపైల్ చేసి పెట్టుకోవాలి. నా సిస్టమ్‌లో బాగానే నడిచింది, పేర్లకి ఎస్‌టీడీ ముందు పెట్టాల్సిందే. 30 మంది పిల్లలున్న లాబ్‌లో ఇప్పుడే పెట్టే ధైర్యం లేదు.

ఎవరైనా అడిగితే 5కి 4 ఇస్తాను. ఆ పోయిన ఒకటి స్వాప్ దగ్గర నోరు మెదపనందుకు. కొత్త బ్యాచ్‌కి మొదటి నెల యూజింగ్ లైను రాయనివ్వడం లేదు. “చేతులు నొప్పెడుతున్నాయి మేడం” అని గొణుక్కుంటూనే ఎస్‌టీడీ, రెండు కోలన్లు కొడుతున్నారు. టర్బో మాత్రం మూలన ఒక సిస్టమ్‌లో డాస్‌బాక్స్ (పాత డాస్ ప్రోగ్రామ్‌లని నడిపేది) కింద ఇంకా ఉంది. గ్రాఫిక్స్ ప్రయోగాలు రెండు సిలబస్‌లో మిగిలిపోయాయి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చిన రోజు దాని దుమ్ము దులుపుతాం.