క్రిమ్జన్ క్లోవర్: బాంబు వెయ్యాలా, గేజ్ దాచుకోవాలా?

తెర నిండా గులాబీ, నీలం బుల్లెట్లు. మధ్యలో దూరడానికి చిన్న సందు. గేజ్ (శక్తి చూపే మీటర్) నిండటానికి ఇంకొంచెమే తక్కువ. ఇప్పుడు బటన్ నొక్కితే బాంబు పడి ప్రాణం దక్కుతుంది. ఇంకో రెండు క్షణాలు ఓపిక పడితే అదే బటన్‌తో బ్రేక్ మోడ్ వచ్చి, ఓడ విశ్వరూపం ఎత్తుతుంది. క్రిమ్జన్ క్లోవర్ ఆట మొత్తం ఆ రెండు క్షణాల్లోనే ఉంది.

జపాన్ ఇండీ డెవలపర్ యొత్సుబానె ఈ షూటింగ్ వీడియో గేమ్‌ను 2011లో విడుదల చేశాడు. 2013లో ఆర్కేడ్ మెషీన్లకూ, 2014లో 'వరల్డ్ ఇగ్నిషన్' పేరుతో పీసీ గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌కూ వచ్చింది. పాత పార్లర్ మెషీన్ల తరహాలో నిలువు తెర, ఐదు స్టేజీలు, ప్రతి స్టేజీ చివర ఒక బాస్, అంటే పెద్ద శత్రువు. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. విశాఖ మధురవాడ హాస్టల్ గదుల్లో ఉండే మామూలు ల్యాప్‌టాప్‌లు చాలు.

బటన్లు మూడే: షాట్, లాక్‌ఆన్, బాంబు. లాక్‌ఆన్ నొక్కి ఉంచితే ఓడ చుట్టూ వలయం పెరుగుతుంది, అందులో పడ్డ శత్రువులకు గుర్తు పడుతుంది, బటన్ వదలగానే గుర్తు పడ్డవాళ్లందరి మీదికీ దాడి వెళ్తుంది. ఒకేసారి ఎంతమందిని పట్టి వదిలితే స్కోరు అంత బాగా వస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. ఒక్క శత్రువు చిక్కగానే వదిలేస్తారు, లేదా వలయం నిండాలని చూస్తూ తమ ఓడ ఎక్కడుందో మర్చిపోతారు.

గేజ్ శత్రువులను కూల్చేకొద్దీ నిండుతుంది. కొంత నిండితే బాంబు, పూర్తిగా నిండితే బ్రేక్. బ్రేక్‌లో ఉండగానే మళ్లీ నింపితే డబుల్ బ్రేక్. అప్పుడు తెర మీద నక్షత్రాలు, అంకెలు, పేలుళ్లు కుండపోతగా కురుస్తాయి. చూడ్డానికి కన్నుల పండుగే. కానీ ఈ ఆటలో నిజమైన లోపం కూడా అదే. ఆ వెలుగులో అసలు బుల్లెట్ మరుగున పడుతుంది. బ్రేక్ అయిపోయే ముందే తెర కింది భాగంలో ఖాళీ చోటు చూసుకుని అక్కడికి చేరాలి, అయిపోయాక వెతుక్కుంటే ఆలస్యమే.

బుల్లెట్లను తప్పించుకోవడం చేతివేగం విషయం అనుకుంటారు గానీ, ముందు తెలియాల్సింది ఏ బుల్లెట్ మన మీదికి గురిపెట్టినదో, ఏది దాని దారిన అది పోయేదో. గురిపెట్టినవి మనం ఉన్న చోటికే వస్తాయి కాబట్టి ఒకే దిక్కుకు చుక్కచుక్కగా జరిగితే చాలు, అన్నీ పక్కనుంచి పోతాయి. తెర అంచుకు చేరేలోపు ఒక్కసారి గట్టిగా వెనక్కి కోసుకుని రావాలి. మూలకు దొరికిపోయేవాళ్లంతా మొదట్లోనే ఎక్కువ జరిగిపోయినవాళ్లే. తగిలేది ఓడ మధ్యలోని చిన్న చోటే, రెక్కలకు తగిలితే ఏమీ కాదు. చూపు ఓడ మీద కాకుండా దానికి కాస్త పైన ఉంచాలి.

ఇక సామాను సంగతి. ల్యాప్‌టాప్ కీబోర్డుల్లో చాలావాటికి మూడు నాలుగు కీలు కలిపి నొక్కితే ఒకటి పడదు. ఎడమ, పై బాణాలతో పాటు షాట్ నొక్కి ఉంచినప్పుడు బాంబు పని చెయ్యకపోతే తప్పు ఆటది కాదు, కీబోర్డు వైరింగ్‌ది. షాట్‌ను షిఫ్ట్‌కో కంట్రోల్‌కో మార్చుకుంటే సాధారణంగా తీరిపోతుంది. షిఫ్ట్ వాడితే విండోస్‌లో స్టికీ కీస్ ముందే ఆపెయ్యండి, లేకపోతే ఐదుసార్లు నొక్కగానే బాస్ మధ్యలో ఆ కిటికీ ఊడిపడుతుంది.

మానిటర్‌ను 90 డిగ్రీలు తిప్పి ఆడితే తెర చాలా పెద్దదైనట్టుంటుంది, ఆ సెట్టింగ్ ఆటలోనే ఉంది. మానిటర్ తెర ఐపీఎస్ రకం ప్యానెల్ అయితేనే తిప్పండి. టీఎన్ రకం ప్యానెల్ నిలువుగా పెడితే ఎడమ కంటికో రంగు, కుడి కంటికో రంగు కనిపించి తలనొప్పి వస్తుంది. టీవీకి కలిపితే గేమ్ మోడ్ తప్పనిసరి, లేకపోతే నొక్కిన కాసేపటికి గానీ ఓడ కదలదు.

బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు ఆర్కేడ్ స్టిక్ (జాయ్‌స్టిక్, బటన్లు ఉన్న పెట్టె) వాడేవాళ్లు ఉప్పు గాలిని లెక్కలో పెట్టుకోవాలి. స్టిక్ అడుగున నాలుగు దిక్కులకూ నాలుగు మైక్రోస్విచ్‌లు ఉంటాయి. లోపలి రేకులు చిలుము పడితే ఒక దిక్కు అప్పుడప్పుడు పలకదు, ఆ క్షణంలోనే లైఫ్ పోతుంది. అడుగు మరలు విప్పి ఆ స్విచ్ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో ఉంచండి. మే నెల ఉక్కపోతలో వేళ్లు జారతాయి, పక్కన నూలు గుడ్డ ఉండాలి.

తర్వాతి వెర్షన్ 'వరల్డ్ ఎక్స్‌ప్లోజన్' 2020లో నింటెండో స్విచ్ కన్సోల్‌కూ, 2021లో పీసీకీ వచ్చింది. ఒక్కటే కొనాలంటే అది కొనండి. జూన్ ఆఖరులో వచ్చే స్టీమ్ సేల్ దాకా ఆగగలిగితే మంచిదే.

ముందు కొత్తవాళ్ల కోసం ఉన్న నోవిస్ మోడ్ ఆడండి. బాగా కష్టమైన అన్‌లిమిటెడ్ మోడ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ట్రైనింగ్‌లో చిక్కిపోయే స్టేజీ ఒక్కటే తీసుకుని ఆడండి. ఆట అయ్యాక రీప్లే పెట్టి, చచ్చిన ప్రతిచోటా గేజ్ చూడండి. బాంబుకు సరిపడా నిండి ఉందంటే మీరు బుల్లెట్ వల్ల చావలేదు, దాచుకోవడం వల్ల చచ్చారు. మరుసటి ఆటలో అదే చోట, సందు కనిపించినా సరే, ముందే నొక్కెయ్యండి.